గాజు వీపున నల్లపూత

తూర్పు కనుమల్లో రోడ్డు కోసం కొండను కోసిన చోట, వాన వెలిసిన మర్నాడు ఒకసారి బండి ఆపి చూడండి. ఎర్రమట్టి పొర కింద ఇటుక రంగు, పసుపు, తెలుపు చారలు కలగలిసిన రాయి బయటపడి ఉంటుంది. కొన్నిచోట్ల చేత్తో నలిపితే రాలిపోయేంత మెత్తబడి ఉంటుంది. దాని పేరు ఖొండలైట్. ఒడిశా కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఆ పేరు పెట్టాడు. విశాఖ కైలాసగిరి, సింహాచలం కొండ, కోణార్క గుడి కట్టిన రాయి అన్నీ ఆ కుటుంబంలోవే. ఈ రాతిలో అక్కడక్కడా వెండిలా మెరిసే నల్లటి రేకులు దొరుకుతాయి. వేలితో రుద్దితే నూనె పూసినట్టు జారుడుగా తగులుతాయి. వేలిముద్ర గీతల్లోకి దూరిన ఆ నలుపు ఒక్క కడుగుకి పోదు. అది గ్రాఫైట్. పాత తూర్పు గోదావరి, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీ కొండల్లో ఈ ఖనిజం ఉన్న సంగతి భూగర్భ శాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. రాజమండ్రిలో లోహాలు కరిగించే గ్రాఫైట్ మూసలు చేసే పరిశ్రమ వేళ్ళూనుకోవడం వెనక ఉన్నది కూడా ఈ నలుపే.

ఆ ఏజెన్సీ కొండల్లోని రాజవొమ్మంగి పేరు వినగానే చాలామందికి 1922 ఆగస్టు 24 గుర్తుకొస్తుంది. చింతపల్లి, కృష్ణదేవిపేట అయ్యాక మూడో రోజున అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది. ఆ కథ మా ఇళ్ళలో అందరం వింటూనే పెరిగాం. నాకు ఆ ఊరితో ముడిపడ్డ ఇంకో జ్ఞాపకం ఉంది, అది ఏ పుస్తకంలోనూ రాదు. సంతకు వెళ్ళే దారిలో ఒక రేడియో, టీవీ రిపేరు కొట్టు. బల్ల మీద బోర్లా పడుకోబెట్టిన బ్లాక్ అండ్ వైట్ టీవీ. వెనక అట్టమూత తీసేసి ఉంది. లోపల గాజు గరాటు ఒకటి, దాని వీపంతా ఎవరో మసి పూసినట్టు నల్లగా ఉంది.

"బాబాయ్, ఇది కాలిపోయిందా?" అని అడిగాను.

"కాలలేదు బాబూ. అది పూత. చెయ్యి పెట్టకు, నీ చేతికంటే ముందు దానికి నష్టం" అన్నాడాయన.

అప్పుడు నాకు అర్థం కాలేదు. చాలా ఏళ్ళ తరువాత, నా చేత్తో నేనే ఆ పూతను మళ్ళీ వేయవలసి వచ్చినప్పుడు ఆ మాట బరువు తెలిసింది. పాత టీవీ బాగుచేసేవాళ్ళలో కూడా చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు, లేదా లోపలికి వెలుతురు రాకుండా వేసిన రంగు అనుకుంటారు. తడిగుడ్డతో తుడిచేసినవాళ్ళు ఉన్నారు, శుభ్రం చేస్తున్నామని పెట్రోలు పెట్టి రుద్దినవాళ్ళూ ఉన్నారు. ఆ పూత ఒక పనిముట్టు. అది పోతే టీవీలో ఒక భాగం ఊడిపోయినట్టే.

ఎలాగో చెబుతాను. పిక్చర్ ట్యూబు మెడలో ఉన్న గన్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, తెర లోపలి పక్క పూసిన ఫాస్ఫర్ మీద పడితేనే వెలుగు పుడుతుంది. వాటిని అంత వేగంగా లాగడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్టుకు సుమారు 15 వేల వోల్టులు, రంగుల సెట్టుకు 25 వేల దాకా. మెకానిక్కులు దాన్ని ఈహెచ్‌టీ అంటారు. గాజు గరాటు పక్కన రబ్బరు టోపీ కింద దూరే లావుపాటి ఎర్ర తీగ మోసుకొచ్చేది దాన్నే. ఆ తీగ లోపలికి వెళ్ళి గరాటు లోపలి గోడకున్న ఇంకో నల్లపూతను తాకుతుంది. అంటే గాజుకు లోపల ఒక గ్రాఫైట్ పొర, బయట ఒక గ్రాఫైట్ పొర. లోపలి పొర మీద వేల వోల్టులు. బయటి పొర, దాని మీద సాగదీసి కట్టిన అల్లిక తీగ ద్వారా, ఛాసీకి ఎర్త్ అయి ఉంటుంది. మధ్యలో గాజు.

ఫిజిక్సు చదివినవాళ్ళకు ఇది వెంటనే తెలిసిపోతుంది. 1745, 46 ప్రాంతంలో ఐరోపాలో కనిపెట్టిన లైడెన్ జాడీ ఇదే. ఒక గాజు సీసా, లోపల రేకు, బయట రేకు. కరెంటును దాచుకునే మొట్టమొదటి పాత్ర. పిక్చర్ ట్యూబు అంటే తెర తగిలించుకున్న లైడెన్ జాడీ. సైజును బట్టి కొన్ని వందల నుంచి రెండు వేల పికోఫారడ్ల దాకా దాని కెపాసిటీ ఉంటుంది.

ఈ కెపాసిటర్ ఎందుకు? మన దేశపు పాత టీవీ పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. ఒక్కో గీత చివర ఎల్‌వోటీ అనే ట్రాన్స్‌ఫార్మర్ ఒక దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బల నుంచే ఈహెచ్‌టీ పుడుతుంది. బావి దగ్గర చేదతో తోడుతూ తొట్టె నింపినట్టన్నమాట. చేద చేదకూ మధ్య ఖాళీ ఉన్నా, తొట్టి నిండుగా ఉంటే గొట్టంలో నీరు ఒకే ధారగా పోతుంది. ఆ తొట్టే ఈ రెండు పూతలూ, వాటి మధ్య గాజూ. బయటి పూత పొరలుగా రాలిపోతే తొట్టి చిన్నదవుతుంది. తెల్లటి దృశ్యం వచ్చినప్పుడు ఎలక్ట్రాన్లు ఎక్కువ ఖర్చయి వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గుతుంది, నెమ్మదించిన ఎలక్ట్రాన్లను ట్యూబు మెడ చుట్టూ ఉండే యోక్ అనే తీగచుట్ట మరింత పక్కకు వంచేస్తుంది. అందుకే బొమ్మ ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, చీకటి దృశ్యంలో మళ్ళీ ముడుచుకుంటుంది. దీన్ని చూసి ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని మార్చినవాళ్ళు నాకు తెలుసు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా బొమ్మ అలాగే ఊపిరి పీలుస్తుంది.

ఇక అల్లిక తీగ పూతకు సరిగా తగలకపోతే ఇంకో రకం గొడవ. గరాటు వెనక చిటచిటమని శబ్దం, చీకట్లో నీలంగా చిన్న చిన్న మెరుపులు, ముక్కుకు ఘాటుగా ఓజోన్ వాసన. తెర మీద గీతలు గీతలుగా చెదలు పట్టినట్టు మచ్చలు. మా కొండ ఊళ్ళలో వానాకాలం నాలుగు నెలలూ తేమ ఉంటుంది. తీగకున్న స్ప్రింగు తుప్పు పడుతుంది, వదులవుతుంది. గరాటు వెచ్చదనానికి బొద్దింకలు చేరతాయి, ఎలుక తీగను కొరుకుతుంది. మూలన పదేళ్ళు పడేసిన సెట్టులో పూత వేలితో తాకగానే పొట్టులా రాలుతుంది. గాజు బాగానే ఉంటుంది, గన్ బాగానే ఉంటుంది. పోయింది ఆ పల్చని నలుపు ఒక్కటే.

ఆ పూతకు అక్వాడాగ్ అని పేరు. ఆ పేరు వెనకున్న మనిషి కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది మళ్ళీ మా అడవికే వచ్చి చేరుతుంది.

ఎడ్వర్డ్ గుడ్రిచ్ అచెసన్ అమెరికావాడు, 1856లో పుట్టాడు. కుర్రతనంలో ఎడిసన్ దగ్గర పనిచేశాడు. 1891లో కార్బొరండం కనిపెట్టాడు. సాన పెట్టడానికి వాడే ఆ నల్లటి గరుకు రాయి మన కంసాలి కొట్లలో కూడా ఉంటుంది. ఆ కొలిమిని ఇంకా వేడెక్కిస్తే మిగిలేది శుద్ధమైన గ్రాఫైట్ అని గ్రహించి, 1896లో కృత్రిమ గ్రాఫైట్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ గ్రాఫైట్‌తో మూసలు చేద్దామనుకున్నాడు. మూస చేయాలంటే గ్రాఫైట్‌ను పట్టి ఉంచే మంచి బంకమట్టి కావాలి, తన దేశపు మట్టి ఆయనకు నచ్చలేదు. మట్టిని సాగేలా చేసేది ఏమిటని వెతుకుతూ ఉండగా, పూర్వం ఈజిప్టులో ఇటుకలకు గడ్డి కలిపేవాళ్ళన్న బైబిలు ప్రస్తావన ఆయనకు తట్టింది. అందరూ గడ్డి పీచు ఇటుకను పట్టి ఉంచుతుందని అనుకుంటారు. ఆయన గడ్డిని ఉడకబెట్టి ఆ రసం మట్టిలో పోశాడు. మట్టి మెత్తబడి, సాగి, ఆరాక గట్టిపడింది. పని చేసింది పీచు ఒక్కటే కాదు, గడ్డిలోంచి దిగిన వగరు కూడా. ఆ వగరును టానిన్ అంటారు.

తరువాత 1906లో ఆ వగరునే నీళ్ళల్లో కలిపి గ్రాఫైట్ మీద ప్రయోగించాడు. ఉత్త నీళ్ళల్లో గ్రాఫైట్ పొడి వేస్తే పైన తేలుతుంది, లేదా ముద్దలై అడుగుకు దిగిపోతుంది. టానిన్ కలిపి బాగా నూరితే ప్రతి రేణువు చుట్టూ ఒక పల్చటి పొర కట్టి, రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళల్లో విడివిడిగా నిలిచిపోతాయి. వడపోత కాగితంలోంచి కూడా దిగిపోయేంత సన్నగా. నూనెలో కలిపినదానికి ఆయిల్‌డాగ్ అని, నీళ్ళల్లో కలిపినదానికి అక్వాడాగ్ అని పేరు పెట్టాడు. డాగ్ అన్నది విడదీసిన అచెసన్ గ్రాఫైట్ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు. మొదట అది యంత్రాలకు కందెన. టీవీ వచ్చాక గాజుకు పూత అయింది.

ఇది చదివినప్పుడు నాకు మా తాతల కాలపు ఇళ్ళు గుర్తొచ్చాయి. మట్టి గోడ పెట్టాలంటే ఎండుగడ్డి కలిపి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి, వెంటనే పెట్టకుండా రోజుల తరబడి నానబెట్టేవాళ్ళు. ఎందుకని అడిగితే "మాగాలి" అనేవాళ్ళు. అచెసన్ ప్రయోగశాలలో పట్టుకున్నది ఆ మాగడమే. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోయడం మన పాత మేస్త్రీలకు తెలుసు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ పిండి, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు, అప్పుడే కలం నుంచి దిగిన నలుపు బట్టలో నిలుస్తుంది. కరక్కాయ అంటే టానిన్ మూట. ఈ కొండల్లో గిరిజనులు ఏరుకొచ్చే అటవీ ఫలసాయాల్లో అది ముఖ్యమైనది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనెలతో పాటు దాన్నీ కొంటుంది. అచెసన్ వేరే చోట వెతికి పట్టుకున్న రెండు దినుసులూ, నల్లరాయీ వగరుకాయా, ఒకే కొండ మీద పక్కపక్కన ఉన్నాయి. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. టీవీ వెనక పూత అనగానే మనది కాని ఏదో ఫ్యాక్టరీ రహస్యం అనుకునేవాళ్ళకు, దాని మూల పదార్థాలు చేతికందే దూరంలో ఉన్నాయని తెలియాలని చెబుతున్నాను.

నేను ఇంట్లో చేసి చూశాను. మెత్తటి గ్రాఫైట్ పొడిని ఒక గ్లాసు ఉత్త నీళ్ళలో, ఒక గ్లాసు కరక్కాయ కషాయంలో వేశాను. మొదటిదాంట్లో పొడి పైన నల్లటి మీగడలా తేలింది. రెండోదాన్ని రోట్లో నూరి మళ్ళీ పోస్తే గ్లాసంతా సిరా అయింది. అయినా పిక్చర్ ట్యూబుకు మాత్రం కరక్కాయ వాడను, ఎవరినీ వాడమనను. వగరుకు ఇనుము పడదు. కరక్కాయ రసం ఇనుముతో కలిస్తే నల్లబడి తినేస్తుంది, పాతకాలపు సిరా తయారీ అదే. ట్యూబు చుట్టూ ఉన్న ఇనప పట్టీ, ఎర్త్ తీగ స్ప్రింగు రెండూ దెబ్బతింటాయి.

పూత వేయడం అసలు పనిలో సగం కూడా కాదు. ముందు ఆ గాజును భయం లేకుండా, నిర్లక్ష్యం లేకుండా తాకడం నేర్చుకోవాలి.

మొదటిది, దాచుకున్న కరెంటు. టీవీ ఆపి ప్లగ్గు పీకాక కూడా ఆ లైడెన్ జాడీ నిండుగానే ఉంటుంది. 2,000 పికోఫారడ్లు 25 వేల వోల్టుల దగ్గర అర జౌలుకు పైగా శక్తిని దాస్తాయి. ఆ దెబ్బతో ప్రాణం పోవడం అరుదు, కానీ అదిరిపడి చెయ్యి వెనక్కి లాక్కునే ఊపులో ట్యూబు మెడ విరుగుతుంది, లేదా సెట్టు ఒళ్ళో పడుతుంది. అందుకని ప్లాస్టిక్ పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరుకు ఒక తీగ కట్టి, ఆ తీగ రెండో కొసను ముందుగా అల్లిక తీగకు క్లిప్పు చేస్తారు. ఆ తరువాతే రబ్బరు టోపీ అంచు కింద నుంచి కొనను నెమ్మదిగా లోపలికి జరుపుతారు. టక్కుమని ఒక చప్పుడు. క్లిప్పును ఛాసీకి కాకుండా పూత మీది అల్లిక తీగకే పెట్టాలి. ఎందుకంటే కరెంటు దాగింది ఆ రెండు పూతల మధ్యే, అది అక్కడికక్కడే తిరిగి కలవాలి. ఛాసీ మీదుగా పంపితే దారిలో ట్రాన్సిస్టర్లు, ఐసీలు కాలిపోతాయి. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఒకసారి ఖాళీ చేసిన గాజు కాసేపటికి మళ్ళీ కొంత నిండుతుంది. గాజు లోతుల్లో ఇరుక్కున్న విద్యుత్తు మెల్లగా పైకి వస్తుంది. అందుకే పది నిమిషాలు ఆగి మళ్ళీ, ఇంకో పది నిమిషాలు ఆగి ఇంకోసారి.

రెండోది, లోపల గాలి లేకపోవడం. 20 అంగుళాల తెర మీదే బయటి గాలి 1,200 కిలోలకు పైగా నొక్కుతూ ఉంటుంది. కళ్ళద్దాలు, మందపాటి గుడ్డ, ఓపిక, ఈ మూడూ లేకుండా ట్యూబును దించకూడదు. మెడ పట్టుకుని ఎత్తడం అసలు చేయకూడని పని.

మూడోది బ్లాక్ అండ్ వైట్ సెట్లలో ఎక్కువగా కనిపించేది. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్సు నేరుగా వచ్చే సెట్లలో ఛాసీకే కరెంటు ఉంటుంది, ఆ ఛాసీకి కట్టిన నల్లపూతకూ ఉంటుంది. సెట్టు నడుస్తుండగా పూతను తాకితే గోడ ప్లగ్గులో వేలు పెట్టినట్టే. పరీక్ష చేసేటప్పుడు మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి.

ఇవి అయ్యాకే బ్రష్షు.

ముందుగా పాత పూత ఎక్కడిదాకా ఉందో మనసులో కాకుండా కాగితం మీద గీసుకోవాలి. ఎర్ర తీగ దూరే గుంట చుట్టూ ఒక అరచేతి వెడల్పున గాజు ఖాళీగా వదిలి ఉంటుంది. అది ఎవరో మరిచిపోయి వదిలింది కాదు. అక్కడ వేల వోల్టుల లోపలి పూతకు బయటి నుంచి దారి ఉంది. బయటి పూత దగ్గరికి వస్తే మెరుపు దూకుతుంది. తేమ ఉన్న మా ఊళ్ళలో ఆ ఖాళీని ఒక వేలెడు కూడా తగ్గించకూడదు. అలాగే యోక్ కూర్చునే మెడ మొదలు దగ్గరా పూత ఆగిపోతుంది, అక్కడే ఆపాలి. రెండు చోట్లా కాగితం టేపు అంటించి గాజును కప్పేస్తారు.

తరువాత వదులుగా ఉన్న పొట్టును మెత్తటి పొడి బ్రష్షుతో రాల్చాలి. కత్తితో గీకకూడదు. గట్టిగా పట్టుకుని ఉన్న పాత పూతను తీసేయవలసిన అవసరమే లేదు, దాని మీదికే కొత్తది అతుకుతుంది. ఖాళీ గాజును డిస్టిల్డ్ నీళ్ళల్లో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక కొంచెం స్పిరిటుతో తుడుస్తారు. వేలి జిడ్డు ఉన్న చోట పూత పట్టదు, ముడుచుకుని చుక్కలుగా నిలబడుతుంది.

ఇప్పుడు సిరా. గాజుకు వేయడానికే తయారుచేసిన గ్రాఫైట్ ద్రవం దొరికితే అదే మేలు. దొరకనిచోట మెత్తటి గ్రాఫైట్ పొడి, డిస్టిల్డ్ నీళ్ళు, పట్టి ఉంచడానికి కొంచెం బంధకం. కొందరు సోడియం సిలికేటు వాడతారు, కొందరు నీళ్ళల్లో కరిగే తెల్ల జిగురు. ఈ బంధకం దగ్గరే పనితనమంతా ఉంది. గ్రాఫైట్ రేకులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటేనే కరెంటు ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తుంది. జిగురు ఎక్కువైతే ప్రతి రేకు చుట్టూ జిగురు గోడ కడుతుంది, పూత మెరుస్తుంది కానీ కరెంటు నడవదు. జిగురు తక్కువైతే నడుస్తుంది కానీ వేలికి అంటి రాలిపోతుంది. పెన్సిళ్ళలో ఇదే సూత్రం. గ్రాఫైట్‌లో మట్టి ఎక్కువ కలిపితే గట్టి పెన్సిలు, తక్కువ కలిపితే మెత్తటి నల్ల పెన్సిలు. కాగితం మీద మెత్తటి పెన్సిలుతో మందంగా గీత గీసి మీటరు రెండు కొసలూ ఆనించండి, ముల్లు కదులుతుంది. అదే గీత గట్టి పెన్సిలుతో గీస్తే కదలిక చాలా తగ్గిపోతుంది. పిల్లలకు ఇంతకంటే తేలికగా చెప్పగలిగే పాఠం నాకు తెలియదు.

అందుకే సరుకు కలిపాక ట్యూబు మీద వెయ్యకుండా ముందు ఒక పగిలిన అద్దం ముక్క మీద పూయాలి. రాత్రంతా ఆరనిచ్చి, తెల్లారాక మీటరు పెట్టాలి, వేలితో రుద్దాలి. రెండు పరీక్షలూ నెగ్గిన కలుపునే ట్యూబు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఈ ఒక్క రాత్రి ఆగలేక పాడుచేసుకున్న పనులు నా చేతిలోనే రెండున్నాయి. గాజు మీద ఎండిపోయిన జిగురు పూతను నానబెట్టి తీయడానికి రెండేసి రోజులు పట్టింది.

పూసేటప్పుడు ఒకే మందపాటి పొర వేయాలన్న ఆత్రం పనికిరాదు. పల్చగా ఒకటి, ఆరాక అడ్డంగా ఇంకొకటి. చిన్నప్పుడు చెక్క పలకకు బొగ్గు పొడీ ఆకు పసరూ కలిపి పూసినవాళ్ళకు ఈ చెయ్యి ఇప్పటికీ గుర్తుంటుంది. ఒక్కసారే దట్టంగా పట్టిస్తే ఆరాక పెచ్చులు లేచేది. బ్రష్షు కంటే స్పాంజి ముక్కతో తట్టినట్టు అద్దితే గీతలు పడవు. కొత్త పూత పాత పూత అంచు మీదికి రెండు వేళ్ళ మేర ఎక్కాలి, మధ్యలో సన్నటి గాజు గీత కూడా మిగలకూడదు. ఎండలో పెట్టకూడదు, నీడలో గాలి ఆడే చోట ఒక పగలూ రాత్రీ ఉంచాలి. వానాకాలంలో రెండు రోజులు. పూత పూర్తిగా ఎండకముందే టేపును నెమ్మదిగా లాగేస్తే అంచు పెచ్చులు లేవదు.

ఆరాక మీటరు. గరాటు ఒక వైపు నుంచి ఎదురు వైపుకు కొన్ని వందల ఓముల నుంచి రెండు మూడు వేల ఓముల లోపు చూపిస్తే పని కుదిరినట్టు. అల్లిక తీగను గరుకు కాగితంతో రుద్ది, తుప్పు పట్టిన స్ప్రింగు మార్చి, పూత మీద కనీసం రెండు మూడు చోట్ల ఒరుసుకునేలా లాగి కట్టాలి. పూత ఎంత బాగున్నా తీగ తాకకపోతే అంతా వృథా.

అడ్డదారులు చాలా ఉన్నాయి, చాలా చూశాను. నల్లటి ఎనామిల్ రంగు వేస్తే చూడ్డానికి కొత్త ట్యూబులా ఉంటుంది, కరెంటు నడవదు, పూత ఉందన్న భ్రమలో తరువాతి మెకానిక్కు వేరే చోట వెతుక్కుంటాడు. అల్యూమినియం రంగు డబ్బాను బట్టి ఒకటి నడుస్తుంది, ఒకటి నడవదు, నమ్మడానికి లేదు. వంటింటి అల్యూమినియం రేకు అంటిస్తే ముడతల కింద గాలి బుడగలు మిగిలి, పదునైన అంచుల దగ్గర నీలి మెరుపులు మొదలవుతాయి. వీటన్నిటికంటే పొట్టు రాలిన పాత పూత నయం.

ఇంత కష్టం దేనికని అడిగేవాళ్ళకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. మన తెలుగు నేల మీద టీవీకి సొంత చరిత్ర ఉంది. హైదరాబాదులో 1967లో మొదలైన ఈసీఐఎల్, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల 2,400 పల్లెలకు బొమ్మ పంపిన సైట్ ప్రయోగానికి సెట్లు చేసింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్ సెట్లు తెలుగు ఇళ్ళలోకి వచ్చాయి. కొండల మధ్య ఊళ్ళకు సిగ్నలు నేరుగా అందదు. వెదురు గడలు ఒకదానికొకటి కట్టి, యాంటెన్నా పైకెత్తి, ఒకరు గడ తిప్పుతుంటే ఇంకొకరు లోపల నుంచి "వచ్చింది, వచ్చింది, ఆపు" అని అరిచేవాళ్ళు. అంత కష్టపడి పట్టుకున్న బొమ్మను చూపించిన గాజు అది. అలాంటి సెట్టు ఒకటి ఇంకా ఉన్న ఇంట్లో, పది రూపాయల నలుపు లేక అది చెత్తకుప్పకు పోవడం నాకు సహించదు.

రెండో జవాబు ఇంకా సూటిది. పిక్చర్ ట్యూబు మళ్ళీ తయారవదు. బెంగళూరులో బీఈఎల్, ఉత్తరాన సామ్‌టెల్ చేసిన ట్యూబులు ఇప్పుడు ఎక్కడా కొత్తవి రావు. అమెరికాలో పాత ట్యూబులకు కొత్త గన్ పెట్టి ఇచ్చే ఆఖరి కొట్టు హాక్-ఐ 2010లో మూతపడితే, ఒహాయో రాష్ట్రంలోని ఎర్లీ టెలివిజన్ మ్యూజియం దాని యంత్రాలను తెచ్చుకుని దాచుకుంది. గన్ పోతే మనం చేయగలిగింది లేదు. పూత పోతే మాత్రం ఏ కొండ ఊళ్ళోనైనా, ఏ ఫ్యాక్టరీ సాయం లేకుండా, ఒక మనిషి రెండు రోజుల్లో దాన్ని తిరిగి నిలబెట్టగలడు. చేయగలిగిన పని చేయకుండా వదిలేసిన రంగుల ట్యూబు చెరువు గట్టుకు చేరితే, దాని గరాటు గాజులో దాదాపు ఐదో వంతు సీసమే. అది మట్టిలోకి, నీళ్ళలోకి దిగుతుంది.

పోయిన కార్తీకంలో ఒక 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్టు నా దగ్గరికి వచ్చింది. గరాటు సగం పైగా గాజు బయటపడి ఉంది, అల్లిక తీగ ఒక్క చోటే వేలాడుతోంది. మూడు పల్చని పొరలు వేశాను. రెండు పగళ్ళు వసారాలో నీడన పెట్టాను. మూడో రోజు పొద్దున మీటరు ఆనిస్తే ఎదురెదురు అంచుల మధ్య 900 ఓములు. తీగ కట్టి, టోపీ పెట్టి, గది చీకటి చేసి స్విచ్ వేశాను. గరాటు వెనక నీలి మెరుపు ఒక్కటి లేదు, చిటచిటలూ లేవు. కొంతసేపటికి తెర ముందు చెయ్యి చాపితే ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇప్పుడు గాలిలో దూరదర్శన్ లేదు కాబట్టి పాత వీడియో ప్లేయరు ఒకటి తగిలించాను. తెల్లటి ఆకాశం, ఆ వెంటనే చీకటి గది, మళ్ళీ ఆకాశం. బొమ్మ అంచులు ఉన్నచోటే ఉన్నాయి.